నీటి బాప్తిస్మమును రక్షణయును



కొంతకాలము క్రిందట ఒక వృద్ధురాలు వ్యవహార నిమిత్తమై మాయొద్దకు వచ్చి, దస్తావేజుల సంగతి ముగిసిన పిమ్మట, లేవబోయి మరల కూర్చుండి మమ్మొక ప్రశ్న యడిగెను. ఆమె క్రైస్తవురాలు, శిశువులకు బాప్తిస్మమిచ్చు సంఘమునకు జెందినది. ఆమె మనుమడు పుట్టిన మూడవనాడు తెల్లవారుజామున కన్నుమూసెను. పాదిరిగారికి కబురంపిరి గాని, ఆయన పొరుగూరినుండి వచ్చునప్పటికి బిడ్డ చల్లబడిపోయెను. "బాబుగారూ, తమరు చదువుకున్నవారు, అన్ని మతాల పుస్తకాలూ చూసినవారని విన్నాను. తలమీద నీళ్లు పడకుండా పోయిన నా మనుమడికి దేవుడి దగ్గర చోటున్నదా?" యని యామె యడిగెను.

న్యాయస్థానమునందు అనేక ప్రశ్నలకు తడువుకొనక జవాబు చెప్పు మేము, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతిమి. చోటున్నదమ్మా యని చెప్పి పంపివేయుట సులభమే. కాని యామె కన్నులలో ఓదార్పును మించిన యొక కోరిక కనబడెను. ఆమెకు సత్యము కావలసియుండెను. మేము క్రైస్తవులము కాము. మా విశ్వాసమును బట్టి మేమిచ్చు తీర్పు ఆమె కేమి ప్రయోజనము? ఆమె నమ్మిన గ్రంథమును, ఆమె సంఘముయొక్క చరిత్రమును సాక్షులుగా పిలిచి విచారింపవలెనని నిశ్చయించుకొంటిమి. ఆ విచారణయే నేడు మీ యెదుట పెట్టుచున్నాము.

నీటిలో మునిగిన మాత్రమున పాపము పోవునా యను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. గోదావరీ కృష్ణల పుష్కరములలో రేవులయందు క్రిక్కిరిసిన జనులను చూచినవారెల్ల ఎప్పుడో యొకప్పుడు ఈ ప్రశ్న వేసికొన్నవారే. బాప్తిస్మమనునది గ్రీకు పదమునుండి వచ్చినది. ముంచుట యని దాని యర్థము. రోమను కథోలికులు దీనిని జ్ఞానస్నానమందురు. కొన్ని సంఘములవారు శిరస్సుపై నీరు పోయుదురు. కొన్ని సంఘములవారు నిలువున ముంచుదురు. దిదకే యనబడు మిక్కిలి ప్రాచీనమైన క్రైస్తవ ఉపదేశ గ్రంథమొకటి గలదు. దాని వ్రాతప్రతి 1873లో కానుస్టాంటినోపిలున దొరకి, 1883లో అచ్చుపడినది. ప్రవహించు నీటిలో బాప్తిస్మమిమ్మనియు, అది లేనిచో వేరు నీటిలో నిమ్మనియు, అదియు చాలనిచో ముమ్మారు తలపై పోయుమనియు అందు విధింపబడినది. నీటి పరిమాణమునందు రక్షణ యున్నదని ఆ పూర్వులు తలపలేదని దీనివలన తెలియుచున్నది.

బాప్తిస్మము లేక రక్షణ లేదని చెప్పువారి పక్షమున గట్టి ప్రమాణములే యున్నవి. వానిని దాచుట న్యాయము కాదు. రాత్రివేళ తన్ను చూడవచ్చిన నీకొదేముతో యేసు, నీటిమూలముగాను ఆత్మమూలముగాను జన్మింపనివాడు దేవుని రాజ్యమున ప్రవేశింపజాలడని చెప్పినట్లు యోహాను సువార్త చెప్పుచున్నది. పెంతెకొస్తు దినమున యెరూషలేములో పేతురు జనులను మారుమనస్సు పొంది పాపక్షమాపణ నిమిత్తము బాప్తిస్మము పొందుడని పిలువగా, ఆనాడే దాదాపు మూడువేలమంది చేరిరని అపొస్తలుల కార్యములలో నున్నది. రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో పౌలు బాప్తిస్మమును క్రీస్తుతో కూడ పాతిపెట్టబడుటతో పోల్చియున్నాడు. ఇట్టి మాటలను నమ్మిన పామరజనము నీటికై తహతహలాడుటలో ఆశ్చర్యమేమి?

ఐతే ఆ గ్రంథమే వేరొక సాక్ష్యమును కూడ పలుకుచున్నది. యేసుతో పాటు సిలువ వేయబడిన నేరస్థుడొకడు ప్రాణము పోవు గడియలో ఆయనను వేడుకొనెను. ఆనాడే తనతో కూడ పరదైసులో నుందువని యేసు వానికి మాట యిచ్చెను. వాని చేతులు కొయ్యకు బిగింపబడియున్నవి. వాని తలపై నీటిబొట్టు పడినట్లు ఎవరును వ్రాయలేదు. మరియు కైసరయలో కొర్నేలి యను రోమను శతాధిపతి యింట పేతురు బోధించుచుండగనే, వినువారియందరిపై పరిశుద్ధాత్మ దిగెనని వ్రాయబడియున్నది. అంతట పేతురు, మనవలెనే ఆత్మను పొందినవీరికి నీటి నెవడు అడ్డగింపగలడని యడిగి, పిమ్మట బాప్తిస్మ మిప్పించెను. క్రమమును గమనింపుడు. దైవానుగ్రహము ముందు వచ్చినది. నీరు వెనుక వచ్చినది. వెనుక వచ్చినది ముందు వచ్చినదానికి కారణము కానేరదు.

ఇక సమరయ పట్టణమున గారడీ చేయు సీమోను నమ్మితినని చెప్పి బాప్తిస్మము పొందెను. పొందిన పిమ్మట అపొస్తలుల శక్తిని వెలకు కొనవలెనని రూకలు తెచ్చెను. నీ హృదయము సరియైనది కాదని పేతురు వానిని గద్దించెను. నీరు వానిని తడిపినది గాని మార్చలేదు. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, బాప్తిస్మమిచ్చుటకు గాక సువార్త ప్రకటించుటకే క్రీస్తు తన్ను పంపెననియు, తాను స్వయముగా కొద్దిమందికి మాత్రమే బాప్తిస్మమిచ్చితిననియు చెప్పుకొనుచున్నాడు. నీరే రక్షకమైనచో అంతటి ప్రచారకుడు అట్లు పలుకునా? మార్కు సువార్త చివర నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడునని యున్నది. కాని శిక్ష చెప్పుచోట నమ్మనివాడు అని మాత్రమే యున్నది, బాప్తిస్మము పొందనివాడు అని లేదు. చట్టములు చదువు మావంటివారు ఇట్టి విడుపును ఊరక పోనీయరు. అదిగాక ఆ చివరి వచనములు నాలుగవ శతాబ్దపు వ్రాతప్రతులగు సినాయి, వాటికను ప్రతులు రెండింటను లేవు.

పేతురు పేర నున్న మొదటి పత్రిక బాప్తిస్మము రక్షించుచున్నదని చెప్పి, వెంటనే దాని యర్థమును వివరించుచున్నది. అది దేహమాలిన్యమును కడుగుట కాదట. నిర్మలమైన మనస్సాక్షి దేవునితో చేయు విన్నపమట. ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము మనము చేయగలమా?

గ్రంథసాక్ష్య మిట్లుండ, చరిత్రసాక్ష్యమును విందము. నీరు వెనుకటి పాపములన్నిటిని తుడిచివేయునను నమ్మకము ప్రబలిన కాలమున, పలువురు దానిని అంత్యకాలమువరకు వాయిదా వేయసాగిరి. క్రైస్తవమతమున కాశ్రయమిచ్చిన కానుస్టాంటైను చక్రవర్తియే 337లో మరణమాసన్నమైనప్పుడు గాని బాప్తిస్మము పొందలేదు. వాయిదా వేసిన వారందరికి ఆ గడియ దొరకునా? రెండవ వాలెంటీనియను చక్రవర్తి యువకుడు. బాప్తిస్మము కోరి మిలాను పురపు బిషపు అంబ్రోసును రమ్మని కబురంపెను. అంబ్రోసు దారిలో నుండగనే చక్రవర్తి మరణించిన వార్త వచ్చెను. ఇది 392లో జరిగినది. నీరు పొందక తమ సోదరుడు పోయెనని చక్రవర్తి తోబుట్టువులు విలపించుచుండ, అంబ్రోసు ఉత్తరక్రియల సందర్భమున ప్రసంగించి, అతడు కోరినది అతనికి దొరకియే యుండునని వారి నూరడించెను. హృదయపు కోరికయే బాప్తిస్మముతో సమానమను సిద్ధాంతమునకు ఆ ప్రసంగము పెద్ద ఆధారమైనది. తరువాత 1547లో త్రెంతు సభవారు బాప్తిస్మము రక్షణకు ఆవశ్యకమని శాసించుచునే, దాని కోరికకును చోటిచ్చిరి. పదునారు శతాబ్దముల క్రిందట ఆలస్యముగా బయలుదేరిన యా బిషపుగారి కథ వినినప్పుడు, మాకు పొరుగూరి పాదిరిగారు జ్ఞప్తికి వచ్చిరి.

కాని మూడుదినముల శిశువు ఏమి కోరగలడు? ఇచ్చటనే చిక్కు వచ్చినది. అంబ్రోసు చేతనే 387లో బాప్తిస్మము పొందిన మహాపండితుడు అగస్టీను, బాప్తిస్మము లేక మరణించిన శిశువులు కూడ ఆదాము పాపమునందు భాగస్థులగుటచేత దండనకు పాత్రులే యనియు, ఆ దండన మాత్రము అన్నిటికంటె తేలికైనదనియు నిర్ణయించెను. ఆయన తర్కము నిర్దుష్టముగా కనబడవచ్చును. దాని ఫలము ఘోరము. మధ్యయుగపు పండితులు దానిని మెత్తబరచుటకై దుఃఖము గాని దైవదర్శనము గాని లేని లింబో యను స్థానమును కల్పించిరి. ఐర్లండు దేశమున బాప్తిస్మము లేని శిశువులను ప్రతిష్ఠితమైన శ్మశానభూమిలో చేర్పక, కిల్లీనీ యను పేరుగల వేరు స్థలములలో పాతిపెట్టుచుండిరి. తండ్రి చీకటివేళ ఆ చిన్న శవమును చేతబట్టుకొని గ్రామపు పొలిమేరకు పోవుట ఊహింపుడు. కన్నవారి దుఃఖముపై సిద్ధాంతము మోపిన బరువది.

ఎన్నో శతాబ్దులు గడచిన పిదప ఆ సంఘపు మనస్సాక్షియే మేల్కొన్నది. 1992లో వెలువడిన కథోలిక సంఘపు ఉపదేశ గ్రంథము అట్టి శిశువులను దేవుని కరుణకు అప్పగించినది. 2007లో పోపు పదునారవ బెనెడిక్టు అనుమతితో ప్రకటింపబడిన అంతర్జాతీయ వేదాంత సంఘపు నివేదిక, ఆ శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు బలమైన కారణములున్నవని చెప్పినది. నిశ్చయముగా తెలియునని వారనలేదు, ఆశింపవచ్చుననిరి. అగస్టీను కాలమునుండి వచ్చిన కాఠిన్యము తల్లుల కన్నీటియెదుట కరగుటకు ఇంతకాలము పట్టినది.

నీటికి రక్షకశక్తి నంటగట్టిన దోషము శిశువులతోనే ఆగలేదు. పెద్దలను కూడ బలిగొన్నది. స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున 1525 జనవరి 21వ తేదీన కొందరు యువకులు ఒక యింట చేరి, శైశవమునందు తెలియక పొందిన బాప్తిస్మము చాలదని, తెలిసి విశ్వసించి మరల పొందిరి. ఆ నగరపు ప్రభువులు పోపును ధిక్కరించిన సంస్కర్తలే. జ్వింగ్లీ వారి గురువు. ఐనను పునర్బాప్తిస్మము పొందువారిని నీట ముంచి చంపవలెనని 1526లో శాసించి, 1527 జనవరి 5వ తేదీన ఫెలిక్సు మాన్సు అనువానిని కాలుసేతులు బంధించి, పడవపై తీసికొనిపోయి లిమ్మాత్ నదిలో త్రోసివేసిరి. తీరమున నిలిచిన తల్లి, విశ్వాసము విడువవలదని బిడ్డను హెచ్చరించినదని చెప్పుదురు. నీటిని కోరినవానికి నీటితోనే మరణదండన! 2004లో ఆ నదీతీరమున స్మారకఫలకము నిలిపిరి; ఆనాటి తప్పును నేటి సంఘమువారు ఒప్పుకొనిరి. ఒక పక్షము శిశువుకు పోసిన నీటిని, మరియొక పక్షము పెద్దవాడు మునిగిన నీటిని ప్రమాణముగా పెట్టుకొనినప్పుడు, క్రీస్తు బోధించిన ప్రేమ ఎచటికి పోయెను?

దూరదేశపు సంగతులు చాలును. మన తెలుగుదేశముననే యీ ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చిన యొక సంఘటన గలదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన క్షామము వచ్చినది. ఒంగోలున నున్న అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని వేలమంది పేదలకు కూలి కల్పించిరి. అనేకులు, విశేషముగా మాదిగ సోదరులు, బాప్తిస్మమిమ్మని వేడుకొనిరి. ఆయన యీయలేదు. కూటికొరకు వచ్చినవారన్న నింద వారిపై పడరాదని, క్షామకార్యము ముగియువరకు ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు నిలిపివేసిరి. కరువు తీరుముఖము పట్టి, కూలి పనియు సహాయద్రవ్యమును నిలిచిపోయిన తరువాతను వారు రాగా, గుండ్లకమ్మ యేటియొద్ద వెల్లంపల్లిలో 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మమీయబడెను. ఇద్దరేసి బోధకులు వంతులవారీగా ఏటిలో నిలిచి ఆ పని నెరవేర్చిరి.

ఈ కథను చెప్పువారందరు 2,222 అను సంఖ్యనే చెప్పుదురు. మాకు ఆ సంఖ్యకంటె అంతకుముందు గడచిన సంవత్సరము గొప్పగా తోచుచున్నది. ఆ సంవత్సరమున జనులు ఆకలిచేతను కలరాచేతను చచ్చుచుండిరి. నీరులేక పోయినవారు నశింతురని క్లవ్ దొరగారు నమ్మియుండినచో, చావు చుట్టుముట్టిన ఆ దినములలో నీటిని ఒక్క గడియయైనను నిలుపగలిగెడివారా? నిలుపగలుగుటకు కారణమొక్కటే. రక్షణ విశ్వాసమువలన కలుగుననియు, నీరు దానికి సాక్షియనియు బాప్టిస్టులు నమ్ముదురు. నీటికొరకు పేరుపొందిన సంఘమే నీటిని ఆపి యీ సత్యమును ఋజువు చేసినది.

మా వృత్తికి తగిన యుపమానము నొకటి చెప్పెదము. బాకీ తీర్చినవాడు రశీదు పుచ్చుకొనును. రశీదు పోయినను, వ్రాయించుకొనుటకు వ్యవధి లేకపోయినను, తీరిన బాకీ తీరినదే. ఋణదాత ధర్మాత్ముడైనచో రశీదు లేదని మరల అడుగడు. బాకీ తీర్చకయే దొంగరశీదు సంపాదించినవాడు న్యాయాధిపతిని మోసగింపవచ్చును, ఋణదాతను మోసగింపలేడు. మనము విచారించుచున్న వ్యవహారమున న్యాయాధిపతియు ఋణదాతయు ఒక్కడే. ఆయన లెక్క చూచునది హృదయమునందు. కొర్నేలి బాకీ తీరిన పిమ్మట రశీదు పొందెను. సిలువపై దొంగ రశీదు లేకయే పోయెను. సీమోను చేతిలో రశీదు మాత్రమే యుండెను.

ఐతే రశీదును చింపివేయుడని మేము చెప్పుట లేదు. మన దేశమున ఆ నీటికి ఖరీదు కలదు. 1850వ సంవత్సరపు చట్టము రాకమునుపు, మతము మారినవానికి పిత్రార్జితపు హక్కు పోవుట కలదు. 1950లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల సౌకర్యములు మొదట హిందువులకును, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును కలిగినవి, క్రైస్తవులకు కలుగలేదు. 2024 నవంబరులో అత్యున్నత న్యాయస్థానము ఒక వ్యాజ్యెమున, బాప్తిస్మము పొంది చర్చికి పోవుచుండిన స్త్రీ హిందువుననుచు కోరిన కులపత్రమును నిరాకరించుచు, ఆ బాప్తిస్మమును కూడ ప్రమాణముగా గైకొన్నది. దేవుడు నీటిని చూడకపోవచ్చును, సర్కారు చూచును. ఆ నష్టమును తెలిసియు ఏటిలో దిగిన పేదవాని ధైర్యమును ఎగతాళి చేయుటకు మనకెవరికిని అధికారము లేదు.

ఇక మనసంగతి. హృదయమున నమ్మిన చాలును, బాహ్యచిహ్నములతో పనిలేదని చెప్పుట మనవంటి చదువుకొన్నవారికి మిక్కిలి ప్రియమైన మాట. ఆంధ్రదేశమున కలగర సుబ్బారావుగారు (1912–1981) క్రీస్తు భక్తుడనని బాహాటముగా చాటుచు, బాప్తిస్మమును నిరాకరించి, అందువలన వచ్చిన నిందను భరించిరి. అట్టివారు ఆ మాట పలికిన శోభించును. మనలో నెందరము అట్లు పలుకుదుము? ఇంటిలో నొకటి, సభలో నొకటి నమ్ముచు, కూతురి పెండ్లినాడు కులమునకు, తద్దినమునాడు ఆచారమునకు తలయొగ్గి, చిహ్నములు వ్యర్థములని ఉపన్యసించుచున్నాము. రశీదక్కరలేదని గట్టిగా పలుకువాడు బాకీ తీర్చినాడా యని ముందుగా అడుగవలసియున్నది. నీరు రక్షింపదనుట సత్యమే. ఆ సత్యమును పిరికితనమునకు మరుగుగా వాడుకొనుట పాపము. గుండ్లకమ్మలో తడిసిన బట్టలతో ఒడ్డున నిలిచిన కూలివాడు, పొడిబట్టలతో నిలిచిన మనలను చూచి, నీ మార్పునకు సాక్షి యేదని యడిగినచో, మనమేమి చూపుదుము?

కొన్నినాళ్లకు ఆ వృద్ధురాలు మరల వచ్చినప్పుడు, మేము చూచినదంతయు ఆమెకు చెప్పితిమి. "అమ్మా, మీ గ్రంథమున చేతులు కట్టబడిన దొంగకు చోటు దొరికినది, మీ పూర్వులలో బాప్తిస్మమిచ్చువాడు దారిలో నుండగనే పోయిన యువకునికి చోటున్నదని గొప్ప బిషపుగారే చెప్పిరి. నీరు మనుష్యులు పోయునది. వారు ఆలస్యము చేయుదురు, దారి తప్పుదురు, వాగు దాటలేకపోవుదురు. తన బిడ్డను చేర్చుకొనుటకు దేవుడు పొరుగూరి బండికొరకు కాచియుండునా?" అంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఆ పొద్దు నేను ఏడుస్తూ వాణ్ణి ఒళ్లో పెట్టుకున్నానండీ. నా కన్నీళ్లతో వాడి మొహమంతా తడిసిపోయింది" అని మెల్లగా చెప్పి, లేచిపోయెను. అంతకంటె పవిత్రమైన నీరు యొర్దానులో నున్నదని మేము నమ్మము.

పరమపితా, నిన్ను చేరుటకు ఏర్పడిన చిహ్నములను నీ వాకిటికి అడ్డుగోడలుగా కట్టుకొన్న మా యవివేకమును క్షమింపుము. చిహ్నము పొందినవారికి దాని యర్థమును దయచేయుము; చిహ్నమును త్రోసివేసిన మాకు దాని వెలను చెల్లించు ధైర్యము నొసగుము. పేరు పెట్టకమునుపే నీయొద్దకు వచ్చిన పసివారిని నీవెరుగుదువు. వారి తల్లులకు నీ శాంతి నిమ్ము. తథాస్తు.